1.79 ఆంగ్‌స్ట్రామ్‌లు: యూరే ప్రయోగాన్ని తిరిగి చేస్తున్న ప్రాజెక్టు డైరీ

జూన్, ఆరంభం

మా డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఈ విద్యా సంవత్సరానికి నేను చేపట్టిన పని ఇది: 1931లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరే, జార్జ్ మర్ఫీ కలిసి బరువైన హైడ్రోజన్‌ను, అంటే డ్యుటీరియాన్ని, పట్టుకున్న ప్రయోగాన్ని మాకున్న పరికరాలతో వీలైనంత మేరకు తిరిగి నడిపి చూడటం. పాఠ్యపుస్తకంలో ఈ ఆవిష్కరణకు దక్కేది రెండు వాక్యాలే. ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేయగా మిగిలిన దానిలో డ్యుటీరియం దొరికిందనీ, అందుకు 1934లో యూరేకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చిందనీ చదివి విద్యార్థులు ముందుకు వెళ్ళిపోతారు. అసలు కష్టం ఎక్కడ ఉందో, ఎందుకు అంత చలిలో అంత హైడ్రోజన్‌ను మరిగించవలసి వచ్చిందో ఆ రెండు వాక్యాలలో కనిపించదు. ఆ కష్టం ఏమిటో చేతితో చేసి తెలుసుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

మొదట లెక్క. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ ఒక్కటే తిరగదు. ఎలక్ట్రాన్, కేంద్రకం రెండూ తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. కేంద్రకం బరువెక్కిన కొద్దీ దాని ఊగిసలాట తగ్గుతుంది, దానితోపాటు వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం కూడా కొద్దిగా తగ్గుతుంది. 1913లోనే నీల్స్ బోర్ ఈ సవరణను వాడి, అయనీకరణ చెందిన (ఒక ఎలక్ట్రాన్ పోయిన) హీలియం వర్ణపటంలోని గీతలు హైడ్రోజన్ గీతల మీద సరిగ్గా ఎందుకు పడటం లేదో వివరించాడు. ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు 1836 రెట్లు, డ్యుటీరియం కేంద్రకం ద్రవ్యరాశి సుమారు 3670 రెట్లు. ఈ రెండు సంఖ్యలు చాలు: బామర్ శ్రేణిలోని (హైడ్రోజన్ దృశ్యకాంతి గీతల వరుసలోని) ప్రతి గీతా తన తరంగదైర్ఘ్యంలో 0.000272 వంతు నీలం వైపుకు జరగాలి. 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) దగ్గర ఉన్న ఎర్రటి ఆల్ఫా గీతకు ఇది 1.79 ఆంగ్‌స్ట్రామ్‌లు, 4861.3 దగ్గరి బీటా గీతకు 1.32. గీత ఎక్కడ కనబడాలో యూరేకు ముందే తెలుసు. లెక్క కట్టే సాధనం అప్పటికే పద్దెనిమిదేళ్ళుగా అందరి చేతిలోనూ ఉంది.

మరి అంతవరకూ ఎవరూ ఎందుకు వెతకలేదు? వెతికారు. 1919లో జర్మనీలో ఓట్టో స్టెర్న్, మాక్స్ వోల్మర్ హైడ్రోజన్‌కు బరువైన తోడు ఉందేమోనని నీటితో పరీక్షించి, లేదని తేల్చారు. ఆ తరువాత కేంబ్రిడ్జిలో ఆస్టన్ తన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో (పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి విడదీసే పరికరంతో) కొలిచిన హైడ్రోజన్ ద్రవ్యరాశి 1.00778, రసాయనశాస్త్రజ్ఞులు తూచి కట్టిన పరమాణు భారం 1.00777. రెండూ ఇంత చక్కగా కలిసినప్పుడు రెండో ఐసోటోపుకు, అంటే అదే మూలకానికి చెందిన వేరే బరువున్న పరమాణువుకు, చోటెక్కడుంది? 1929లో జియోక్, జాన్‌స్టన్ అనే ఇద్దరు ఆక్సిజన్‌లో 17, 18 ద్రవ్యరాశులున్న ఐసోటోపులను కనుగొనడంతో ఈ పొంతన చెదిరిపోయింది. ఆస్టన్ కొలమానానికి ఆధారం ఆక్సిజన్-16 మాత్రమే, రసాయన కొలమానానికి ఆధారం మూడు ఐసోటోపుల మిశ్రమం. రెండు వేర్వేరు తూకపురాళ్ళతో తూచిన సంఖ్యలు ఒకటిగా రాకూడదు, రెండింటి మధ్య సుమారు 0.0002 తేడా కనిపించాలి. 1931లో కాలిఫోర్నియాకు చెందిన బర్జ్, మెంజెల్ ఈ విషయాన్ని ఎత్తి చూపి, ప్రతి 4500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున ద్రవ్యరాశి 2 ఉన్న పరమాణువు ఉంటే లెక్క సరిపోతుందని ఒక లేఖలో రాశారు. యూరే వెంటనే పనిలోకి దిగింది ఆ లేఖ చదివిన తరువాతనే.

జూన్, చివరి వారం

యూరే వాడిన స్పెక్ట్రోగ్రాఫ్‌లో (కాంతిని వర్ణపటంగా విడదీసి ఫోటో తీసే పరికరంలో) 21 అడుగుల వ్యాసార్ధం గల పుటాకార గ్రేటింగ్, అంటే దగ్గరదగ్గరగా సన్నటి గీతలు గీసిన పలక, ఉండేది. గ్రేటింగ్ ఒకే కాంతిని వేర్వేరు కోణాలలో అనేకసార్లు చూపిస్తుంది, ఆ వరుస సంఖ్యే ఆర్డర్; రెండో ఆర్డర్‌లో దాని ఫోటో పలక మీద ఒక మిల్లీమీటరుకు 1.31 ఆంగ్‌స్ట్రామ్‌లు పడేవి. అంటే ఆల్ఫా గీతకూ దాని తోడుకూ మధ్య దాదాపు 1.4 మిల్లీమీటర్ల ఎడం. మా ల్యాబులో గది పొడవే 21 అడుగులకు కొంచెం ఎక్కువ కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. ఒకే కటకం వెళ్ళే కాంతిని సమాంతరం చేసి, తిరిగి వచ్చే కాంతిని కేంద్రీకరించే లిట్రో అమరికను ఎంచుకున్నాను. 500 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న పాత టెలిస్కోపు కటకం, మిల్లీమీటరుకు 1200 గీతలున్న గ్రేటింగ్, నలుపు తెలుపు ఖగోళ కెమెరా, ఇవి ముఖ్యమైన భాగాలు. రెండో ఆర్డర్‌లో ఆల్ఫా గీత కోసం గ్రేటింగ్‌ను 52 డిగ్రీల దగ్గర వాల్చితే మిల్లీమీటరుకు 5.1 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తాయి. 1.79 ఆంగ్‌స్ట్రామ్‌లకు 0.35 మిల్లీమీటరు, కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు కనుక 93 పిక్సెళ్ళు. యూరే పలకతో పోలిస్తే నాలుగో వంతు ఎడమే, అయినా రెండు గీతలను విడదీయడానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ.

కాంతి లోపలికి వచ్చే సన్నటి చీలికను, అంటే స్లిట్‌ను, రెండు షేవింగ్ బ్లేడ్ల అంచులతో చేశాను. దాని వెడల్పు కొలవడానికి సూక్ష్మదర్శిని అవసరం లేదు: 650 నానోమీటర్ల ఎర్రటి లేజర్ పాయింటర్‌ను దాని గుండా పంపి, మూడు మీటర్ల దూరంలో గోడ మీద మధ్య పట్టీ పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు వచ్చేదాకా బ్లేడ్లను దగ్గరకు జరిపితే స్లిట్ 20 మైక్రాన్లకు చేరినట్టు. దీనితో వచ్చే మసక 0.1 ఆంగ్‌స్ట్రామ్. గీతకు సహజంగా ఉండే వెడల్పు ఇంతకంటే ఎక్కువే కాబట్టి ఇంకా సన్నగా చేసి వెలుగును పోగొట్టుకోవడంలో అర్థం లేదు.

కెమెరా బిగించక ముందు ఐపీస్‌తో చూసినప్పుడు ఒక చిత్రమైన దృశ్యం కనిపించింది. మామూలు హైడ్రోజన్ ట్యూబు వెలిగించగానే ముదురు ఎరుపు గీత స్పష్టంగా వచ్చింది, దానికి ఒక సెంటీమీటరు దూరంలో ఊదారంగు గీత ఒకటి నిలబడి ఉంది. వర్ణపటంలో ఎరుపు పక్కన ఊదా ఉండటం వింతే, కానీ లెక్క సులువు: 6562.8ను రెండుతో గుణిస్తే 13126, గామా గీత తరంగదైర్ఘ్యం 4340.5ను మూడుతో గుణిస్తే 13021. మూడో ఆర్డర్ గామా గీత రెండో ఆర్డర్ ఆల్ఫా గీతకు పొరుగున పడుతుంది. ఒక ఎర్ర ఫిల్టర్ పెట్టగానే ఊదా గీత మాయమైంది. ఐపీస్ దగ్గర కూర్చున్న మూడో సంవత్సరం విద్యార్థిని ఈ లెక్కను నాకంటే ముందే నోట్సు అట్ట మీద వేసి చూపించింది.

జూలై

దీపం సంగతి. అంగట్లో దొరికే సీలు చేసిన ట్యూబుల్లో డ్యుటీరియం శాతాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చలేము, మార్చలేకపోతే ఈ ప్రాజెక్టుకు అర్థమే లేదు. అందుకని నీటి ఆవిరితో పనిచేసే ట్యూబు చేయించాను. చిన్న గాజు బల్బులో కొన్ని చుక్కల నీరు, దాని తరువాత సూది వాల్వు, తరువాత పొడవైన సన్నటి డిశ్చార్జ్ ట్యూబు, చివర రోటరీ పంపు. నీటి ఆవిరి అర మిల్లీమీటరు పాదరస పీడనం దగ్గర నెమ్మదిగా ప్రవహిస్తూ ఉంటే, నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే కొన్ని వేల వోల్టులకు అణువులు విడిపోయి హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి.

తేమ ఇక్కడ లోపం కాదు, అవసరం. 1920 ప్రాంతంలో అమెరికాలో ఆర్. డబ్ల్యూ. వుడ్ పొడవైన ట్యూబులతో చేసిన ప్రయోగాలలో, ట్యూబులో కొంచెం నీటి ఆవిరి ఉంటే గాజు గోడల మీద పరమాణువులు మళ్ళీ జతకట్టి అణువులు కావడం తగ్గుతుందనీ, ట్యూబు నడిమి భాగంలో అణువుల గీతలు మసకబారి బామర్ గీతలు మాత్రమే ప్రకాశవంతంగా వస్తాయనీ గమనించాడు. ఒంటరి పరమాణువుల రూపంలో ఉన్న హైడ్రోజన్ కూడా భూమి మీద తనకు తానుగా ఒక అరుదైన రూపమే. వుడ్ తరహా ట్యూబునే యూరే, మర్ఫీ వాడారు. ఎందుకంటే హైడ్రోజన్ అణువు వర్ణపటంలో అన్ని వైపులా సన్నటి గీతలు కిక్కిరిసి ఉంటాయి, వాటిలో ఏ ఒక్కటి మనం ఎదురుచూస్తున్న చోట పడినా అంతా తారుమారవుతుంది.

ట్యూబు ఊదిపెట్టిన హైదరాబాదు పెద్దాయన గీసిన బొమ్మను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "సారూ, ఇంత సన్నటి గొట్టానికి రెండు చివర్ల ఎలక్ట్రోడు బల్బులు పెద్దగ ఉండాలె, లేకుంటే వేడికి పగులుతది" అన్నారు. ఆయన చెప్పినట్టే మార్పించాను. హై వోల్టేజి దగ్గర పనిచేసేటప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకునే నియమం విద్యార్థులకు మొదటి రోజే చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు నా చేతిలోనే ఉంటుంది.

ఆగస్టు, మొదటి వారం

భారజలం (హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న నీరు) ఎన్.ఎం.ఆర్. (అణువుల నిర్మాణం తెలుసుకునే) పరికరం ఉన్న ఒక మిత్రుడి ల్యాబు నుంచి చిన్న ఆంప్యూల్‌గా వచ్చింది. సగం మామూలు డిస్టిల్డ్ వాటర్, సగం భారజలం కలిపి బల్బులో వేశాము. ఒక మోల్ నీటి ఘనపరిమాణం, ఒక మోల్ భారజలం ఘనపరిమాణం దాదాపు సమానం, రెండూ 18.1 మిల్లీలీటర్ల దగ్గరే. భారజలం సాంద్రత 1.105 కావడమూ దాని అణుభారం 20 కావడమూ ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయి. అందుచేత సిరంజితో కొలిచిన నిష్పత్తినే పరమాణువుల నిష్పత్తిగా తీసుకోవచ్చు.

తెర మీద రెండు గీతలు పక్కపక్కన నిలబడ్డాయి. కెమెరాను క్రాస్ స్లయిడ్ మీద జరుపుతూ నియాన్ గీతలైన 6532.88, 6598.95లతో కొలమానం కట్టి చూస్తే ఎడం 1.78 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది, తేడా రెండో దశాంశంలోనే. విద్యార్థులు సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే దీనితో ప్రాజెక్టు పూర్తయిందనుకుంటే యూరే పడ్డ కష్టంలో నూరో వంతు కూడా మనం చూడనట్టే. సగానికి సగం ఉన్నదాన్ని చూడటం సులువు. సహజమైన నీటిలో డ్యుటీరియం ఉన్నది 0.0156 శాతం, దాదాపు 6400 పరమాణువులకు ఒకటి. కళ్ళు చెదిరే గీత పక్కన దానిలో ఆరువేలో వంతు వెలుగున్న గీతను పట్టుకోవాలి.

ఆగస్టు, మూడో వారం

ఇప్పటిదాకా వాడింది లేజర్ కిరణాల వ్యతికరణంతో చేసిన హోలోగ్రాఫిక్ గ్రేటింగ్. దాన్ని తీసి, పాత మోనోక్రోమేటర్ నుంచి విప్పిన రూల్డ్ గ్రేటింగ్ పెట్టాను. ఇదీ మిల్లీమీటరుకు 1200 గీతలదే, కానీ వజ్రపు మొనతో యంత్రం గీసిన గ్రేటింగ్ నుంచి అచ్చు తీసినది, యూరే కాలం నాటి గ్రేటింగులకు దగ్గరి చుట్టం. బల్బులో మామూలు నీరే ఉంది. ఎక్స్‌పోజర్ పెంచగానే ఆల్ఫా గీతకు రెండు వైపులా, 2.7 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, మసక గీతలు రెండు లేచాయి. వాటి వెలుగు అసలు గీతలో సుమారు వెయ్యో వంతు.

ఇవి ఘోస్టు గీతలు. గీతలు గీసే యంత్రంలోని మర చుట్టుకొకసారి చేసే చిన్న తప్పిదం గ్రేటింగ్ మీద క్రమం తప్పకుండా పునరావృతమైతే, ఆ ఆవృత్తి తానే ఇంకొక గ్రేటింగులా పనిచేసి లేని గీతలను సృష్టిస్తుంది. మా లెక్క ప్రకారం ఈ తప్పిదం 1200 గీతలకొకసారి, అంటే మిల్లీమీటరుకొకసారి జరుగుతోంది. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఇది తేలిన సాయంత్రం నేను బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఘోస్టు గీత ఎంత దూరంలో పడుతుందో లెక్కకడితే, అది అసలు గీత తరంగదైర్ఘ్యంలో ఒక స్థిరమైన వంతు. ఐసోటోపు గీత జరిగే దూరం కూడా తరంగదైర్ఘ్యంలో ఒక స్థిరమైన వంతే. ఆల్ఫాకు 1.79, బీటాకు 1.32, గామాకు 1.18 అని నిష్పత్తి చక్కగా కుదిరిందని చూపిస్తే అది ఐసోటోపని నిరూపించినట్టు కాదు. సరైన ఆవృత్తి ఉన్న ఘోస్టు కూడా అచ్చం అదే నిష్పత్తిలో, బామర్ శ్రేణి పొడవునా, ప్రతి గీత పక్కనా కనబడుతుంది. పాఠంలో నేను ఏళ్ళ తరబడి గట్టి ఆధారంగా చెబుతూ వచ్చిన పట్టికకు ఒంటరిగా అంత బలం లేదు.

తేడా చెప్పగలిగే గుర్తులు మూడు. ఘోస్టులు సాధారణంగా రెండు వైపులా వస్తాయి, ఐసోటోపు నీలం వైపే వస్తుంది. ఆర్డర్ మారిస్తే ఘోస్టు జరుగుతుంది: రెండో ఆర్డర్‌లో 2.7 దగ్గర ఉన్నది మొదటి ఆర్డర్‌లో 5.5 దగ్గరకు వెళ్ళిపోయింది, ఐసోటోపు 1.79 దగ్గరే ఉండాలి. వీటన్నిటికంటే గట్టిది మూడోది. దీపంలోని పదార్థాన్ని మార్చినప్పుడు అసలు గీతతో పోలిస్తే తోడు గీత వెలుగు మారాలి. గ్రేటింగ్ చేసే మాయకు దీపంలో ఏముందో తెలియదు.

యూరే చేసింది సరిగ్గా ఇదే. 1931 వేసవిలో మామూలు హైడ్రోజన్‌తోనే, అసలు గీతకు ఒక సెకను సరిపోయేచోట గంటసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి, లెక్కకట్టిన చోటనే మసక గీతలను ఆయన, మర్ఫీ చూశారు. ఇంకొకరైతే ఆ వారమే పత్రికకు రాసి పంపేవారని నా అనుమానం. యూరే పంపలేదు, అవి ఘోస్టులు కావచ్చు, అణువుల గీతలు కావచ్చు. బరువైన హైడ్రోజన్ పాలు పెంచిన నమూనా దొరికేదాకా ప్రకటించకూడదని నిశ్చయించుకున్నాడు. ద్రవ హైడ్రోజన్‌ను మరిగించవలసిన అవసరం వచ్చింది అందుకు. గీతను చూడటానికి కాదు, చూసిన గీతను నమ్మడానికి.

సెప్టెంబరు

అప్పట్లో అమెరికాలో ద్రవ హైడ్రోజన్‌ను పెద్ద మొత్తంలో చేయగలిగిన ప్రయోగశాలలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ యూరే కోరికపై లీటర్లకొద్దీ ద్రవ హైడ్రోజన్‌ను చివరి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లు మిగిలేదాకా ఆవిరి చేసి, ఆ మిగిలిన వాయువును న్యూయార్కుకు పంపాడు. ఒక మామూలు పరమాణువు, ఒక బరువైన పరమాణువు కలిసిన అణువు మామూలు అణువుకంటే కొంచెం ఆలస్యంగా ఆవిరవుతుంది కనుక అది అడుగున మిగలాలి. 20 కెల్విన్ (సుమారు మైనస్ 253 డిగ్రీల సెల్సియస్) దగ్గర, వాతావరణ పీడనంలో చేసిన మొదటి నమూనాలో ఏ పెరుగుదలా కనబడలేదు. రెండోసారి పీడనాన్ని 53 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గించి, 14 కెల్విన్ దగ్గర, హైడ్రోజన్ గడ్డకట్టబోయే అంచున ఆవిరి చేశారు. ఈసారి తోడు గీత అనేక రెట్లు పెరిగింది, మిగతావి పెరగలేదు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ రోజున ఇది రూఢి అయింది. యూరే ఇంటికి విందుకు ఆలస్యంగా వెళ్ళాడని చెబుతారు. డిసెంబరు చివర న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో ముగ్గురి పేరుతో ప్రకటించారు, 1932 జనవరి 1 నాటి ఫిజికల్ రివ్యూలో లేఖ అచ్చయింది. బహుమతి యూరే ఒక్కడికే వచ్చినా ఆ సొమ్ములో నాలుగో వంతు చొప్పున బ్రిక్‌వెడ్‌కూ మర్ఫీకీ ఇచ్చాడు.

మొదటి నమూనా ఎందుకు విఫలమైందన్న దానికి వెనుక ఒక కథ ఉంది. హైడ్రోజన్‌ను నీటి విద్యుద్విశ్లేషణతో తయారుచేసేవారు. ఆ నమూనాకు ముందు ఘటాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త ద్రావణంతో నింపారు. విద్యుద్విశ్లేషణలో తేలిక హైడ్రోజన్ ముందుగా వాయువై పోతుంది, బరువైనది నీటిలోనే నిలుస్తుంది. కొత్తగా నింపిన ఘటం నుంచి వచ్చిన వాయువులో డ్యుటీరియం సహజమైన పాలుకంటే తక్కువ; మరిగించి పెంచినదంతా ఆ లోటు పూడ్చడానికే సరిపోయింది. ఈ ధర్మాన్ని ఎడ్వర్డ్ వాష్‌బర్న్, యూరే 1932లో నిరూపించాక ద్రవ హైడ్రోజన్‌తో అవసరమే తగ్గిపోయింది. 1933లో బెర్క్‌లీలో యూరే గురువు జి. ఎన్. లూయిస్ నీటిని విద్యుద్విశ్లేషణ చేస్తూపోయి దాదాపు స్వచ్ఛమైన భారజలాన్ని సంపాదించాడు. అది గడ్డకట్టేది 3.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మన మణుగూరు భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి ఇదే పదార్థాన్ని వేరే దారిలో తీస్తుంది: హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నీటికీ మధ్య డ్యుటీరియం మారే పాలు వేడి స్తంభంలో ఒకలా, చల్లని స్తంభంలో ఒకలా ఉండటం దాని ఆధారం.

మా ట్యూబుకూ ఇలాంటి పేచీ ఒకటి ఎదురైంది. సగం భారజలం వాడిన ట్యూబును గంటల తరబడి మామూలు నీటి ఆవిరితో కడిగినా డ్యుటీరియం గీత పూర్తిగా పోలేదు, ఎందుకంటే గాజు గోడలకు అంటుకున్న నీటి పొరలోని హైడ్రోజన్, డ్యుటీరియం ఒకదాని స్థానంలో ఒకటి నెమ్మదిగా మారుతూ ఉంటాయి. కాబట్టి పలచని మిశ్రమాల కోసం రెండో ట్యూబు ఊదించి, మొదట ఉత్త నీటితో మొదలుపెట్టి, తక్కువ పాలు నుంచి ఎక్కువ పాలుకు మాత్రమే వెళ్ళే క్రమం పెట్టుకున్నాను.

అక్టోబరు

హోలోగ్రాఫిక్ గ్రేటింగ్‌తో నూటికి ఒకటి పాలు మిశ్రమంలో డ్యుటీరియం గీత ఎవరు చూసినా తెలిసేంత స్పష్టంగా వస్తోంది. అయిదువందలకు ఒకటి దగ్గర ఆల్ఫా గీత తాలూకు మసక అంచు మీద చిన్న ఉబ్బులా మాత్రమే కనిపిస్తోంది. ఎరుపు వైపు అంచును అద్దంలో ప్రతిబింబంలా తిప్పి నీలం వైపు అంచు నుంచి తీసివేస్తే, రెండు వైపులా సమానంగా ఉండేవన్నీ రద్దయి ఆ ఉబ్బు ఒక్కటే మిగులుతోంది. దాని శిఖరం 93వ పిక్సెల్ దగ్గర ఉంది. పిక్సెల్ లెక్క ఇంత బాగా కలిసినా దీనిని ఇంకా ఫలితంగా రాసుకోవడం లేదు.

ఆస్టన్ విషయం ఇక్కడ రాయాలి. 1935లో ఆయన తన కొలతను తానే సరిదిద్దాడు. కొత్త విలువతో చూస్తే బర్జ్, మెంజెల్ ఎత్తి చూపిన తేడాకు ఆధారమే లేదు. యూరే తన నోబెల్ ఉపన్యాసం అచ్చు ప్రతిలో ఈ విషయాన్ని దాచకుండా చేర్చాడు. తప్పు కొలత ఒకటి నిజంగా ఉన్న వస్తువు వైపు చూపించింది. అదృష్టం అని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ గీత నిలబడింది ఆ కొలత మీద కాదు, 14 కెల్విన్ దగ్గర మిగిలిన ఆ ఒకటి రెండు ఘన సెంటీమీటర్ల మీద అనిపిస్తుంది.

వచ్చే వారాల పని ఇలా ఉంది. అయిదువందలకు ఒకటి మిశ్రమాన్నే మొదటి ఆర్డర్‌లో తీయాలి. అక్కడ 1.79 ఆంగ్‌స్ట్రామ్‌లకు 31 పిక్సెళ్ళే వస్తాయి. ఉబ్బు అక్కడికి వస్తే సరే, దూరం జరిగితే హోలోగ్రాఫిక్ గ్రేటింగ్‌నూ అనుమానించాలి. ఆ తరువాత కుళాయి నీరు. కెమెరా 12 బిట్లది కనుక పూర్తి వెలుగు 4096 మెట్లే. 6400లో ఒక వంతు ఒక మెట్టుకు కూడా చేరదు. అందుచేత కెమెరా ముందు ఒక బ్లేడు అంచుతో ఆల్ఫా గీతను కప్పి, నీలం వైపును మాత్రం దీర్ఘమైన ఎక్స్‌పోజర్లుగా తీసి కలపాలి. బ్లేడు నిలిపే బ్రాకెట్‌కు కొలతలు వర్క్‌షాపుకు ఇచ్చాను.